నాలుగు గంటల తీపి: పంచదార మీది కోరికను అదుపులోకి తెచ్చుకోవడం ఎలా?

మధ్యాహ్నం భోజనం చేసి మూడు గంటలు కావస్తుంది. గడియారం నాలుగు దాటుతుంది. ఆకలి వేస్తోందని గట్టిగా చెప్పలేము గానీ, నోరు మాత్రం ఏదో ఒక తియ్యటి వస్తువును అడుగుతూనే ఉంటుంది. ఆఫీసులో ఉంటే టీతో పాటు రెండు క్రీము బిస్కెట్లు, ఇంట్లో ఉంటే ఫ్రిజ్‌లో మిగిలిపోయిన మైసూరుపాకు ముక్క, ద్వారకానగర్ వైపు పని మీద వెళితే దారిలో ఏదో ఒక మిఠాయి దుకాణం. విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటూ ఇల్లు నడుపుకుంటున్న నాకు ఏళ్ళ తరబడి ప్రతి సాయంత్రమూ ఇలాగే గడిచింది.

ఈ కోరికను మనోబలం లేకపోవడంగా భావించి తమను తామే నిందించుకునేవారు చాలామంది ఉన్నారు. నేనూ అలాగే నిందించుకున్నాను. 2019లో చేయించుకున్న రక్త పరీక్షలో నా హెచ్‌బీఏ1సీ, అంటే రక్తంలోని గ్లూకోజు సగటును తెలిపే కొలత, 6.1 శాతం వచ్చింది. 5.7 కంటే తక్కువ ఉంటే మామూలు, 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే మధుమేహం. నేను ఆ రెండింటి మధ్య ఉన్నాను. ఆ కాగితం చేతిలో పట్టుకొని ఇంటికి వచ్చిన రోజునే తీపి పూర్తిగా మానేస్తానని ఒట్టు పెట్టుకున్నాను, తొమ్మిదో రోజున ఆ ఒట్టు గట్టు మీద పెట్టేశాను. ఆ తరువాత నెమ్మదిగా అర్థమైన విషయం ఏమిటంటే, తీపి మీది కోరికతో అది వచ్చిన గంటలో పోరాడితే చాలాసార్లు ఓడిపోతాము. అంతకు మూడు గంటల ముందు ఏమి తిన్నాము, ముందు రాత్రి ఎంతసేపు నిద్రపోయాము, ఆ గంటకు ఎక్కడ కూర్చొని ఉన్నాము అన్న సంగతులే ఆ సాయంత్రం ఎలా గడుస్తుందో ముందుగా నిర్ణయిస్తాయి. ఇక్కడ చెప్పబోయే పద్ధతి అంతా ఆ మూడు గంటల ముందరి పని గురించే.

మొదలుపెట్టే ముందు ఒక జాగ్రత్త

మీరు ఇన్సులిన్ తీసుకుంటున్నా, గ్లూకోజును తగ్గించే మధుమేహ మాత్రలు వాడుతున్నా, ఈ మార్పులు మొదలుపెట్టే ముందు మీ వైద్యునితో తప్పక మాట్లాడండి. తిండి తగ్గి మందు మోతాదు అలాగే ఉంటే రక్తంలో గ్లూకోజు ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడదడలాడడం, తల తేలిపోతున్నట్టు ఉండడం, ఉన్నట్టుండి విపరీతమైన ఆకలి వేయడం దానికి గుర్తులు. అది అదుపులో పెట్టుకోవలసిన కోరిక కానే కాదు. అటువంటి సమయంలో మూడు చెంచాల పంచదారనో గ్లూకోజు పొడినో నీళ్ళలో కలుపుకొని వెంటనే తాగి, పావుగంట ఆగి గ్లూకోజు చూసుకొని, డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తక్కువే ఉంటే మళ్ళీ తాగవలసి ఉంటుంది. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. గర్భిణులు, బాగా బరువు తగ్గిపోయినవారు, తిండి విషయంలో మానసికమైన ఇబ్బంది ఉన్నవారు కూడా సొంతంగా కాకుండా వైద్య సలహాతోనే ఈ పని చేయడం మంచిది.

మొదటి అడుగు: వారం రోజులు ఏమీ మార్చకుండా రాయండి

చిన్న నోటుపుస్తకం ఒకటి తీసుకోండి. తీపి తినాలనిపించిన ప్రతిసారీ, తిన్నా తినకపోయినా, ఐదు సంగతులు రాయండి: సమయం ఎంత, ఎక్కడ ఉన్నారు, ఏమి తినాలనిపించింది, అంతకు ముందు ఏమి తిన్నారు, ముందు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు. ఈ వారం రోజులూ తగ్గించే ప్రయత్నమేదీ చేయకండి. తగ్గించడం మొదలుపెడితే నిజమైన చిత్రం కనిపించదు.

నా నోటుపుస్తకంలో ఆ వారం తొమ్మిది పేజీలు నిండాయి. తిరగేసి చూస్తే దాదాపు అన్నీ రెండే రెండు వేళల దగ్గర పోగుపడి ఉన్నాయి: సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర లోపు, రాత్రి భోజనాలయ్యాక గిన్నెలు సర్దుకొని టీవీ ముందు కూర్చున్న పదింటి వేళ. రోజంతా తీపి కోసం నోరూరుతోందని నేను అనుకున్నది అబద్ధమని ఆ పేజీలు చూపించాయి. మరో సంగతి నన్ను ఇంకా ఆశ్చర్యపరచింది. ఇడ్లీలు గబగబా మింగి బస్సు పట్టుకొని, మధ్యాహ్నం చారన్నంతో సరిపెట్టుకున్న రోజులలో నాలుగు గంటల కోరిక బలంగా ఉంది; పప్పు, కూర, చేపల పులుసు ఉన్న రోజులలో అది వచ్చినా తేలికగా పోయింది.

దీనికి శరీరంలో కారణం ఉంది. తీపి, తెల్ల అన్నం, మైదా వంటివి ఒంటరిగా తిన్నప్పుడు రక్తంలో గ్లూకోజు వేగంగా పెరుగుతుంది, దానికి తగ్గట్టు ఇన్సులిన్ విడుదలవుతుంది, రెండు మూడు గంటల తరువాత గ్లూకోజు కొంతమందిలో తిండికి ముందున్న స్థాయి కంటే కూడా కిందికి జారుతుంది. అలా ఎక్కువగా జారేవారికి ఆకలి త్వరగా వేస్తుందని పరిశోధనలు చూపుతున్నాయి. ఒంటిగంటకు భోజనం చేసినవారికి ఆ జారుడు మూడు, నాలుగు గంటల మధ్య వస్తుంది. దీనికి తోడు తీపి తగిలినప్పుడల్లా డోపమైన్ అనే రసాయనం విడుదలై, మెదడు ఆ వేళను, ఆ చోటును, ఆ రుచిని కలిపి గుర్తు పెట్టుకుంటుంది. తల్లిపాలే తియ్యగా ఉంటాయి. తీపిని ఇష్టపడడం పుట్టుకతో వచ్చినది. కాబట్టి ఇష్టాన్ని చంపుకోవలసిన పని లేదు, దాని వేళలను మాత్రం మార్చుకోవచ్చు.

రెండవ అడుగు: మీ పంచదారను కళ్ళతో చూడండి

వంటింటి త్రాసు ఉంటే బయటికి తీయండి, లేకపోతే చెంచాతోనే కొలవండి. చెంచా పంచదారను తలకొట్టి కొలిస్తే మా ఇంట్లో 4 గ్రాములు తూగింది. కానీ టీలోకి ఎవరూ తలకొట్టి వేయరు. మామూలుగా చెయ్యి తిరిగినట్టు డబ్బాలోంచి తీసిన పొంగు చెంచాను తూచితే 6 గ్రాములు ఉంది. నేను రోజుకు నాలుగు టీలు తాగేదాన్ని, టీకి రెండు చెంచాల లెక్కన 48 గ్రాములు. ఆ ఎనిమిది చెంచాలూ మేము టీ తాగే చిన్న గాజు గ్లాసులోకి ఒక్కొక్కటిగా వంచాను. సగం దాటి పైకి వచ్చింది. కిటికీ వెలుతురులో ఆ పలుకులు మెరుస్తూ ఉంటే గ్లాసు వైపు చాలాసేపు చూస్తూ నిలబడిపోయాను. అది నేను మిఠాయి ఒక్క ముక్క కూడా తినని రోజు లెక్క. నెలకు దాదాపు కిలోన్నర పంచదార టీ రూపంలోనే నా లోపలికి పోతోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, తిండిలోకి కలిపే పంచదార, తేనె, పాకాలు, పండ్ల రసాలలోని చక్కెరలు అన్నీ కలిసి రోజువారీ శక్తిలో 10 శాతం లోపు ఉండాలి. 5 శాతం లోపు ఉంటే ఇంకా మేలు. రోజుకు 2000 కేలరీలు తినేవారికి 10 శాతం అంటే 50 గ్రాములు, 5 శాతం అంటే 25 గ్రాములు. పొట్లం కట్టిన తినుబండారాల వెనుక భాగంలో 100 గ్రాములకు మొత్తం చక్కెరలు ఎన్ని, విడిగా చేర్చిన చక్కెరలు ఎన్ని అన్నవి ముద్రించి ఉంటాయి. చేర్చిన చక్కెరల పక్కన కనిపించే శాతాన్ని, ఒక వడ్డనకు, రోజుకు 50 గ్రాముల ప్రమాణంతో లెక్క కడతారు. అంటే అక్కడ 50 శాతం అని కనిపిస్తే, మేలైన పరిమితి అంతా ఆ ఒక్క వడ్డనతోనే తీరిపోయిందని అర్థం. క్రీము బిస్కెట్లలో 100 గ్రాములకు 30 గ్రాములకు పైగా పంచదార ఉండడం మామూలు విషయం. 300 మిల్లీలీటర్ల కోలా సీసాలోనూ 30 గ్రాములకు పైగానే ఉంటుంది. పదార్థాల జాబితాలో లిక్విడ్ గ్లూకోజు, ఇన్వర్ట్ సిరప్, డెక్స్‌ట్రోజు, కార్న్ సిరప్ అన్న పేర్లు కనిపిస్తే అవన్నీ చక్కెర కుటుంబమే.

బెల్లం సంగతి ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే మన ప్రాంతంలో ఈ మాట ప్రతి ఇంట్లోనూ వస్తుంది. పక్కనే ఉన్న అనకాపల్లిలో దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి ఉంది, ఆ బెల్లం వాసన మన పండుగలన్నింటిలోనూ ఉంది. బెల్లంలో కొద్దిగా ఇనుము, ఇతర ఖనిజాలు ఉన్న మాట నిజం. కానీ దాని బరువులో అత్యధిక భాగం పంచదారలో ఉండే సుక్రోజే. గ్లూకోజును పెంచడంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. తేనెలోనూ సుమారు 80 శాతం చక్కెరలే. పంచదార మానేసి బెల్లం టీ తాగుతున్నామని తృప్తిపడేవారు ఆ బెల్లాన్ని కూడా ఈ గ్లాసు లెక్కలోనే వేసుకోవాలి. చెరకు రసం కూడా అంతే. ఎండలో బండి దగ్గర ఆగి తాగే పెద్ద గ్లాసు రసంలో 30 గ్రాముల చక్కెర సునాయాసంగా ఉంటుంది.

మూడవ అడుగు: మూడు గంటల ముందరి పళ్ళాన్ని మార్చండి

ఈ అడుగు మీద మిగిలిన వాటన్నింటి కంటే ఎక్కువ శ్రద్ధ పెట్టమని కోరుతున్నాను. తీపి తగ్గించడానికి తిండే తగ్గించుకొనేవారు తెలియకుండానే సాయంత్రపు కోరికను పెంచుకుంటున్నారు. మొదటి మూడు వారాలు తీపిని తగ్గించే ప్రయత్నం చేయకుండా, పొద్దుటి ఫలహారాన్నీ మధ్యాహ్న భోజనాన్నీ సరిచేసుకుంటే చాలు.

పొద్దున ఇడ్లీ తినేవారు ఇడ్లీ మానవలసిన అవసరం లేదు. నాలుగు ఇడ్లీల స్థానంలో రెండు తిని, పక్కన ఉడికించిన గుడ్డో, గిన్నెడు సాంబారులోని పప్పూ ముక్కలో, గుప్పెడు మొలకెత్తిన పెసలో ఉండేలా చూసుకోండి. పెసరట్టు తినే రోజు ఇంకా సులువు, ఎందుకంటే అందులో పిండంతా పప్పుధాన్యమే. అందులోకి ఉప్మా మాత్రం చేర్చకండి. మన ఉత్తరాంధ్రలో పెద్దవాళ్ళు పొద్దున్నే తాగి పొలానికి వెళ్ళిన చోడి (రాగి) అంబలిని మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలతో ఉప్పగా తాగితే చాలాసేపు కడుపు నిలుస్తుంది. అదే చోడిపిండిలో బెల్లం కలిపి జావ చేసుకుంటే ప్రయోజనం సగం పోతుంది.

మధ్యాహ్నం పళ్ళెంలో సగం కూరగాయలు, పావు భాగం పప్పు గానీ చేప గానీ గుడ్డు గానీ, మిగిలిన పావు అన్నం అన్న కొలత పెట్టుకోండి. చేపల రేవు ఉన్న ఊరిలో ఉన్నాము కాబట్టి ఖరీదైన వంజరమే కానక్కరలేదు, కవళ్ళు, కానగంతలు వంటి చవక చేపలలోనూ మాంసకృత్తులు పుష్కలంగా ఉంటాయి. శాకాహారులు పప్పును పలచగా చేసి అన్నం తడపడానికి వాడుకోకుండా గట్టిగా వండుకొని కప్పు నిండా తినాలి. తినే వరుసను కూడా ఒకసారి మార్చి చూడండి. ముందు కూర, పప్పు కొంత తిని, ఆ తరువాత అన్నంలోకి వెళితే, అదే భోజనానికి గ్లూకోజు పెరుగుదల తగ్గుతుందని పరిశీలనల్లో తేలింది. మొదటి ముద్దే అన్నంతో మొదలుపెట్టే అలవాటు ఉన్న మనకు ఇది వింతగా ఉంటుంది, నాకు అలవాటు కావడానికి పది రోజులు పట్టింది.

ఇక అసలు ఉపాయం. కోరిక నాలుగింటికి వస్తుందని నోటుపుస్తకం చెబితే, మూడున్నరకే ఏదైనా తినేయండి. ఉడికించిన సెనగలతో లేదా ఉలవలతో చేసిన గుగ్గిళ్ళు గుప్పెడు, ఉడకబెట్టిన వేరుశనగకాయలు, ఒక జామకాయ, గ్లాసెడు పలచటి మజ్జిగ: వీటిలో ఏదైనా సరే. గుగ్గిళ్ళు రాత్రి నానబెట్టి పొద్దున కుక్కరులో వేస్తే ఆఫీసు డబ్బాలోకి సిద్ధంగా ఉంటాయి. ఇది ఆకలి వేశాక తినేది కాదు, వేయకుండా ఉండడానికి తినేది. ఆ అరగంట తేడాతోనే నా సాయంత్రాలు మారాయి. విశాఖ ఉక్కపోతలో మధ్యాహ్నానికి ఒంట్లో నీరు తగ్గడం కూడా మామూలే కాబట్టి, తినే ముందు గ్లాసు మంచినీళ్ళు తాగండి.

నాలుగవ అడుగు: టీలో పంచదారను చెంచా అంచుతో తగ్గించండి

టీలో పంచదారను ఒక్కసారిగా మానేసినవారిలో చాలామంది వారం తిరగకుండా మళ్ళీ మొదటికి వస్తారు. దానికి బదులు పది రోజులకు అర చెంచా చొప్పున తగ్గించండి. రెండు చెంచాలతో మొదలుపెడితే నలభై రోజులకు ఏమీ లేని టీ దగ్గరికి చేరతారు, లేదా అర చెంచా దగ్గర ఆగిపోతారు. అర చెంచా దగ్గర ఆగినా నష్టం లేదు. ప్రతి మెట్టు దగ్గరా మొదటి మూడు రోజులు టీ చప్పగా అనిపిస్తుంది, తరువాత నాలుక సర్దుకుంటుంది. కొన్ని వారాలు తీపి తగ్గించినవారికి పాత తీపే ఎక్కువగా అనిపించడం మొదలవుతుంది. నాకు ఆ సంగతి బంధువుల ఇంట్లో తెలిసింది. వాళ్ళు ఇచ్చిన టీ ఒక గుక్క తాగి ఇదేమిటి పాకంలా ఉందనుకున్నాను, రెండు నెలల క్రితం నేను తాగినది సరిగ్గా అదే టీ.

బయట బండి దగ్గర తాగేవారు పాలు, డికాక్షను, పంచదార ముందే కలిపి మరిగించే చోట ఏమీ చేయలేరు. విడిగా కలిపి ఇచ్చే బండిని వెతుక్కొని, “పంచదార సగమే వెయ్యి బాబూ” అని నాలుగు రోజులు చెబితే అయిదో రోజున అతనే గుర్తుంచుకుంటాడు. ఆఫీసులలోని టీ యంత్రాలలో చాలావాటిలో పొడిలోనే పంచదార కలిసి ఉంటుంది. అటువంటిచోట ఇంటి నుంచి ఫ్లాస్కు తెచ్చుకోవడం ఒక్కటే దారి. కాఫీ ఇష్టమైనవారికి అరకు కాఫీ పొడి చేరువలోనే దొరుకుతుంది. డికాక్షను మరీ చిక్కగా దించకుండా పాలతో కలుపుకుంటే చేదు తగ్గి పంచదార అవసరం కూడా తగ్గుతుంది.

కృత్రిమ తీపి మాత్రలు వాడవచ్చా అని చాలామంది అడుగుతారు. బరువు తగ్గడం కోసం వాటి మీద ఆధారపడవద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అప్పటికే మధుమేహం ఉన్నవారికి ఆ సూచన వర్తించదని కూడా చెప్పింది. నా అభిప్రాయంలో, కోరికను తగ్గించుకోవాలన్నదే మీ లక్ష్యమైతే నాలుకను తీపికి దూరంగా అలవాటు చేయాలి, మాత్రలతో ఆ అలవాటు పడదు.

అయిదవ అడుగు: ఇంటినీ దారినీ సర్దండి

కనిపించేది తినాలనిపిస్తుంది, కనిపించనిదాని కోసం లేచి వెతకాలి. అంతకు మించి ఇందులో పెద్ద సూత్రం లేదు. మిఠాయి డబ్బాలను గాజు సీసాలలో, కళ్ళ ఎత్తున ఉన్న అలమరలో పెట్టకండి. చుట్టాలు తెచ్చిన స్వీటు పెట్టెను ఆ రోజే పళ్ళెంలో అందరికీ పంచి, మిగిలినది పని చేసే అమ్మాయికో పక్కింటి పిల్లలకో ఇచ్చేయండి. పారేయడానికి మనసొప్పక మూడు రోజులపాటు తినేది మనమే. ఆఫీసు నుంచి వచ్చే దారిలో రోజూ ఆగే దుకాణం ఉంటే ఒక నెల రోజులు పక్క వీధిలోంచి రండి. రాత్రి పదింటికి ఫోనులో ఐస్‌క్రీము తెప్పించుకొనే అలవాటున్నవారు ఆ ఆప్‌ను నెలపాటు తీసివేయండి.

ఆరవ అడుగు: కోరిక వచ్చేసినప్పుడు

ఇన్ని చేసినా కొన్ని సాయంత్రాలు అది వస్తుంది. అప్పుడు తినను అని ఒట్టు పెట్టుకోకండి, పావుగంట తరువాత తింటాను అనుకోండి. కోరిక అలలాంటిది, లేచి కాసేపు నిలిచి దిగిపోతుంది. ఆ పావుగంట ఊరికే కూర్చోవద్దు. చురుకుగా నడిస్తే తీపి మీది కోరిక తీవ్రత తగ్గుతుందని పరిశోధనలలో కనిపించింది. సాయంత్రం వేళ బీచ్ రోడ్డు దగ్గర ఉన్నవారికి ఇంతకంటే మంచి చోటు ఏముంటుంది? ఎం.వి.పి. కాలనీలోనో సీతమ్మధారలోనో ఉన్నవారు మీ వీధినే రెండు చుట్లు తిరగండి. బీచ్‌కు వెళితే ఐస్‌క్రీము బండి పిలుస్తుందన్న భయం ఉంటే, ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం పిండిన మురీ మిక్చరు చిన్న పొట్లం తీసుకోండి. అది తీపి కాదు, నోటికి పని కల్పిస్తుంది.

నడిచే వీలు లేనివారు పళ్ళు తోముకోవచ్చు. నోరు శుభ్రమైన తరువాత తీపి అంత రుచించదు, రాత్రి పదింటి కోరికకు ఇదే నాకు మందయింది. సోంపు గింజలు చప్పరించడం కూడా పనికి వస్తుంది, కానీ హోటళ్ళలో ఇచ్చే రంగుల పంచదార పూత ఉన్న సోంపు వద్దు. పావుగంట గడిచాక కూడా కావాలనిపిస్తే కొంచెం తినండి. పళ్ళెంలో పెట్టుకొని, కూర్చొని, ఫోను పక్కన పెట్టి తినండి. నిలబడి ఫ్రిజ్ తలుపు పట్టుకొని తిన్న ముక్కను మనసు లెక్కలోకి తీసుకోదు, అందుకే రెండోది అడుగుతుంది.

నిద్ర

నిద్ర తక్కువైన మరుసటి రోజు ఆకలిని పెంచే గ్రెలిన్ పెరుగుతుందని, కడుపు నిండిందని తెలిపే లెప్టిన్ తగ్గుతుందని పరీక్షలలో గమనించారు. నా నోటుపుస్తకంలోనూ అయిదు గంటలు పడుకున్న రోజులన్నింటికీ ఎదురుగా తీపి రాసి ఉంది. ఉక్కు కర్మాగారంలో, ఓడరేవులో, ఆసుపత్రులలో రాత్రి షిఫ్టు చేసేవారికి ఇది ఇంకా కష్టం. తెల్లవారుజామున మూడింటికి శరీరం నిద్రను కోరుతుంటే మనం దానికి తియ్యటి టీ పోస్తాము. షిఫ్టుకు వెళ్ళే ముందు పూర్తి భోజనం చేసి, డబ్బాలో గుడ్లు, గుగ్గిళ్ళు పట్టుకువెళ్ళి, షిఫ్టు సగం దాటక ముందే తినేయండి. ఇంటికి వచ్చాక గది చీకటి చేసుకొని పడుకోవడానికి ఇంట్లోవారి సహకారం కూడా అడగండి. స్త్రీలకు నెలసరికి ముందరి రోజులలో కోరిక పెరగడం సహజమే. ఆ తేదీలు ముందే తెలుసు కాబట్టి, ఆ నాలుగు రోజులూ మూడున్నర తిండిని కాస్త ఎక్కువ చేసుకోండి.

పండుగలు, పెళ్ళిళ్ళు, పలకరింపులు

సంక్రాంతికి అరిసె తినకుండా, సింహాచలం వెళ్ళి ప్రసాదం కళ్ళకద్దుకొని పక్కన పెట్టి బతకమని నేను ఎవరికీ చెప్పను. అలా చెప్పిన పద్ధతి ఏదీ మన ఇళ్ళలో నిలవదు. ముందే నిర్ణయించుకోవడం ముఖ్యం. పండుగ మూడు రోజులలో ఏ రోజు ఏది తింటారో ముందు రోజే అనుకోండి, దానిని భోజనం చివర తినండి. కడుపులో పప్పూ కూరా ఉన్నాక తిన్న అరిసెకూ ఖాళీ కడుపున తిన్న అరిసెకూ రక్తంలో చాలా తేడా ఉంటుంది. మాడుగుల హల్వా వంటిది నేతితో, గోధుమపాలతో గట్టిగా చేసినది కాబట్టి వేలెడు ముక్కతోనే తృప్తినిస్తుంది. ఆ ముక్కను కోసి మిగిలిన పొట్లాన్ని కట్టి లోపల పెట్టిన తరువాతే తినడం మొదలుపెట్టండి.

పెద్దల బలవంతం వేరే సమస్య. అనకాపల్లిలో ఒక పెళ్ళిలో మా పెద్దమ్మ నా విస్తరి ముందు నిలబడి, “ఏటమ్మా, ఒక్క బూరి తింటే ఏటైపోద్ది?” అని అడిగింది. నాకు పరీక్షలో ఇలా వచ్చింది పెద్దమ్మా అని వివరించబోతే, పక్క వరుసలోని నలుగురు తమ తమ షుగరు కథలు మొదలుపెట్టారు, ఈలోగా ఆమె రెండు బూరెలు వేసేసింది. అప్పటి నుంచి నేను వివరించడం మానుకున్నాను. “ఒకటి వెయ్యి పెద్దమ్మా, చాలా బాగున్నాయి” అని ఒకటి వేయించుకొని, చేయి అడ్డం పెట్టి, సగం తిని సగం వదిలేస్తాను. ఆమె పెట్టింది, నేను తిన్నాను, ఇద్దరికీ సంతోషమే. వద్దు అన్న మాట కంటే ఒకటి చాలు అన్న మాటను మన పెద్దలు తేలికగా ఒప్పుకుంటారు.

పండ్ల విషయంలో భయం అక్కర్లేదు. వేసవిలో తాటిముంజలు, సువర్ణరేఖ మామిడి, శీతకాలం ముందు వచ్చే సీతాఫలాలు మనకు దొరికే మంచి తీపులు. పీచుతో సహా నమిలి తిన్నప్పుడు అవి నెమ్మదిగా జీర్ణమవుతాయి. రసం తీసి వడకడితే ఆ పీచు పోతుంది. మధుమేహం ఉన్నవారు మామిడి, సీతాఫలం మోతాదును వైద్యునితోనో ఆహార నిపుణులతోనో అనుకొని తినాలి.

తప్పిన రోజున

ఒక రోజు అదుపు తప్పి అర కిలో పెట్టె సగం ఖాళీ అయిందనుకోండి. మరుసటి పూట భోజనం మానకండి. ఒక పూట పస్తు ఉంటే తరువాతి పూటకు మళ్ళీ అదే జారుడు, అదే కోరిక. మామూలు వేళకు మామూలుగా, పప్పూ కూరా ఎక్కువగా తిని, నోటుపుస్తకంలో ఆ రోజు ఎదురుగా ఏమి జరిగిందో ఒక వాక్యం రాయండి. నేను రాసుకున్న వాక్యాలలో ఎక్కువ వాటిలో ఒకటే కారణం ఉంది: మధ్యాహ్న భోజనం ఆలస్యమైంది, లేదా అసలు జరగలేదు.

దాహం బాగా పెరగడం, మాటిమాటికీ మూత్రానికి వెళ్ళవలసి రావడం, బరువు తగ్గిపోవడం, ఎంత తిన్నా ఆకలి తీరకపోవడం వంటివి కోరికతో పాటు ఉంటే ఇవేవీ ప్రయత్నిస్తూ కూర్చోకుండా వెంటనే రక్త పరీక్ష చేయించుకోండి. ఏ లక్షణాలూ లేకపోయినా, ఇంట్లో ఎవరికైనా మధుమేహం ఉంటే మిగిలినవారు సంవత్సరానికి ఒకసారి చేయించుకోవడం మంచిది. హెచ్‌బీఏ1సీ గడచిన రెండు మూడు నెలల సగటును చూపుతుంది కాబట్టి, ఈ పద్ధతి మొదలుపెట్టిన నెలకే పరీక్షకు పరుగెత్తితే మార్పు సరిగా తెలియదు. మూడు నెలలు ఆగండి. పరీక్షకు వెళ్ళే ముందు వారంలో మళ్ళీ ఏడు రోజులు, మొదటిసారి రాసినట్టే, అవే ఐదు సంగతులు రాసి, పాత పేజీలను పక్కన పెట్టి చూసుకోండి. నాకు రెండవసారి ఆ వారానికి మూడు పేజీలే పట్టాయి, అందులో రెండు పేజీలు రాత్రి పదింటివే. అందుకే ఆ తరువాతి మూడు నెలలూ మధ్యాహ్న భోజనాన్ని వదిలి రాత్రి భోజనం మీద పని చేశాను.